టైరు జాడ మీద నడిచేవాళ్లకు

గల్ఫ్ ఎండ గురించి మనవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియా మొత్తానికీ అదే రికార్డని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చింది. జూన్ వచ్చిందంటే ఊళ్లో అమ్మ ఫోన్ ఎత్తగానే "నీళ్లు తాగుతున్నావా నాయనా" అనే మొదలుపెడుతుంది. నవంబరు వచ్చి గాలి చల్లబడగానే అటు అమ్మకూ భయం తగ్గుతుంది, ఇటు కొడుక్కూ తగ్గుతుంది. ఎండలో రూము దాటనివాళ్లు కూడా అప్పుడు కాళ్లు సాగదీస్తారు.

సరిగ్గా అప్పుడే ఎడారిలోకి బండ్లు దిగుతాయి. కువైట్‌లో నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా డేరాల కాలం. కుటుంబాలు ఎడారిలో డేరాలు వేసుకుని ఉంటాయి, పిల్లలకు బగ్గీలు, నాలుగు చక్రాల బైకులు తెచ్చి ఇస్తాయి. ఖతర్‌లో సీలైన్, బహ్రెయిన్‌లో సఖీర్, ఒమాన్‌లో బిదియా దగ్గరి వహీబా ఇసుక, రియాద్ పక్కన తుమామా, దుబాయ్ నుంచి హత్తా వెళ్లే దారిలో బదాయర్, అబుధాబిలో లివా, ఎక్కడ చూసినా చలికాలం సెలవు రోజుల్లో అదే సందడి. ఎడారిలో నడిచే మనిషికి ఎండాకాలం ఒక ప్రమాదమైతే ఈ బండ్ల కాలం ఇంకొకటి. మొదటిదాని గురించి క్యాంపుల్లో పోస్టర్లుంటాయి. రెండోదాని గురించి నేను ఒక్క పోస్టరూ చూడలేదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఎవరు నడుస్తారు? రాయచోటి, రాజంపేట నుంచి వెళ్లి గొర్రెలూ ఒంటెలూ కాసేవాళ్లు. కువైట్‌లోని వఫ్రా, అబ్దలీ మజ్రాల్లో (పొలాల్లో) టమాటా, దోస పండించేవాళ్లు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వెళ్లి సర్వే సార్ వెనక కర్ర పట్టుకుని తిరిగే హెల్పర్లు. పైపులైను, టవరు, సోలార్ ప్లాంటు దగ్గర కాపలా ఉండేవాళ్లు. క్యాంపు నుంచి రోడ్డు మీది బకాలా (కిరాణా కొట్టు) దాకా రీచార్జికో రొట్టెకో పోయి వచ్చేవాళ్లు. కువైట్‌లో బాబా (యజమాని) కుటుంబంతో పాటు డేరాలకు వెళ్లి, అక్కడా వంటా పిల్లల పనీ చూసే కోనసీమ అక్కచెల్లెళ్లు. సెలవు రోజున నలుగురు స్నేహితులతో సరదాగా దిబ్బలెక్కే ఆఫీసు ఉద్యోగులు కూడా. వీళ్లందరి కాళ్ల కిందా ఉండేది ఒకటే, బండి టైర్లు తొక్కిన ఇసుక.

ఆ జాడ మీదే నడవాలనిపించడంలో తప్పు లేదు. మెత్తటి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే రెండు రెట్లు మించి శక్తి ఖర్చవుతుందని బెల్జియం పరిశోధకులు 1998లోనే కొలిచి చెప్పారు. కాలు దిగబడుతుంది, మడమ జారుతుంది, పిక్కలు పట్టేస్తాయి. టైరు తొక్కిన చోట ఇసుక కాస్త గట్టిపడుతుంది. తెల్లవారుజామున మంచు తడికి ఇంకా గట్టిగా ఉంటుంది. అందుకే కాలు తనంతట తానే గాడిలోకి వెళ్తుంది. కాకపోతే ఆ గాడిని చేసుకున్నది నడిచేవాళ్లు కాదు. మనకు సులువుగా ఉన్నది ఏ కారణం వల్లో అదే కారణం వల్ల తర్వాతి బండీ అందులోనే వస్తుంది. జాడ మీద నడవొద్దని నేను చెప్పను, చెప్పినా పని రోజున అది కుదరదు. జాడ మీద నడుస్తున్నంతసేపూ రోడ్డు మీద ఉన్నామనే గుర్తుంచుకోమంటాను. ఇసుక చూసి తోట బాట అనుకోకండి.

డ్రైవరుకు మీరెందుకు కనబడరు

తారు రోడ్డు మీద మనిషిని చూస్తే డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఇసుకలో లెక్క వేరు. టైర్లలో గాలి సగానికి దించి, 15 పీఎస్ఐ అటూఇటూగా పెట్టుకుని, ఊపు మీద నడుపుతారు. మెత్తటి ఇసుకలో, అందులోనూ ఎక్కుడులో ఊపు పోతే బండి అక్కడే కూరుకుపోతుంది. కాబట్టి ఆగడానికి డ్రైవరు చివరి క్షణం దాకా ఇష్టపడడు. మిమ్మల్ని చూసినా ఆగకుండా పక్కనుంచి తప్పించుకు పోదామనే చూస్తాడు. ఏ పక్కనుంచో మీకు తెలియదు. బదాయర్ లాంటి చోట్ల అద్దె బైకుల మీద ఉండేవాళ్లలో చాలామంది ఆ రోజే మొదటిసారి హ్యాండిల్ పట్టుకున్న టూరిస్టులు. డేరాల దగ్గర నడిపేవాళ్లు మరీ చిన్నపిల్లలు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం దిబ్బ నెత్తి దగ్గర ఉంటుంది. ఎక్కుతున్న ల్యాండ్ క్రూయిజర్ ముక్కు పైకి లేచి ఉంటుంది కాబట్టి డ్రైవరుకు అద్దంలోంచి ఆకాశమే కనబడుతుంది. దిబ్బ అవతల ఏముందో అంచు దాటేదాకా తెలియదు. అనుభవమున్నవాడు నెత్తి మీద కాస్త నెమ్మదిస్తాడు, కుర్రాళ్లు ఎగిరి దూకుతారు. బగ్గీలకు వెనక పొడవాటి కర్రకు నారింజ రంగు జెండా కట్టేది ఇందుకే. బండి కనబడకముందే అవతలివాడికి జెండా కనబడాలని.

ఆ జెండా ఉపాయం నడిచేవాళ్లకూ పనికొస్తుంది. మనిషి ఎత్తు మీద మూడు నాలుగు అడుగులు పైకి ఉండే కర్ర, దాని కొసకు నారింజ రంగు గుడ్డ. గొర్రెలు కాసేవాళ్ల చేతిలో కర్ర ఎలాగూ ఉంటుంది, సర్వే హెల్పరు చేతిలో స్టాఫ్ ఉంటుంది. ఖర్చు లేని రక్షణ ఇది. దిబ్బ ఎక్కేటప్పుడు గుడ్డ ముందుగా అంచు పైకి లేచేలా పట్టుకోండి.

దిబ్బ దాటాల్సి వస్తే జాడ దాటిన చోటే దాటకండి. అంచుకు ఇంకా ఇరవై ముప్ఫై అడుగులు ఉండగా ఆగి, చెవులు రిక్కించి వినండి. తర్వాత జాడకు పక్కగా పదిహేను ఇరవై అంగలు జరిగి, అక్కడ పైకెక్కి, తల మాత్రం ఎత్తి అవతలికి చూడండి. ఖాళీగా ఉందనుకున్నాకే దిగండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. గుంపుగా ఉన్నప్పుడు ఒకడు పైన నిలబడి చూస్తుండగా మిగిలినవాళ్లు దాటాలి.

వినమన్నాను గానీ, చెవిని పూర్తిగా నమ్మొద్దు. దిబ్బ శబ్దాన్ని ఆపేస్తుంది. గాలి మీ వీపు నుంచి ముందుకు వీస్తుంటే, ఎదురుగా వచ్చే బండి చప్పుడు దగ్గరికొచ్చేదాకా వినబడదు. ఇక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇంటికి మాట్లాడుతూ నడవడం గురించి చెప్పాలంటే, అది మనవాళ్ల అలవాట్లలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది. పనంతా అయ్యాక పెళ్లాం పిల్లలతో మాట్లాడే సమయం అదొక్కటే, నాకు తెలుసు. మాట్లాడండి, ఆగి మాట్లాడండి. సిగ్నల్ కోసం దిబ్బ నెత్తి ఎక్కి అక్కడే చతికిలబడి వీడియో కాల్ చేసేవాళ్లున్నారు. ఎక్కాల్సే వస్తే టైరు జాడలు లేని దిబ్బ చూసుకోండి. కూర్చోకుండా నిలబడండి, మెరిసే జాకెట్టు వేసుకోండి.

నీడ ఎక్కడ దొరికితే అక్కడ కూర్చోవద్దు

ఇది కొత్తవాళ్లకు తట్టని విషయం. గల్ఫ్ తీరంలో ఎక్కువగా వీచేది వాయవ్యం నుంచి వచ్చే షమాల్ గాలి. దాంతో చాలా చోట్ల దిబ్బకు వాయవ్యం వైపు వాలు మెల్లగా ఉంటుంది, ఆగ్నేయం వైపు నిటారుగా, 32 నుంచి 34 డిగ్రీల కోణంలో ఇసుక జారుతూ ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు పడమటికి వాలితే నీడ పడేది ఆ నిటారు వైపే. గాలి తగలనిదీ అక్కడే. అన్నం డబ్బా విప్పుకోవడానికి, నడుం వాల్చడానికి మనిషి వెతుక్కునే చోటు అదే.

బండ్లు ఎక్కేదేమో మెల్లగా ఉన్న వాలు వైపు నుంచి. దూకేది నిటారు వైపుకి. అంటే మీరు పడుకున్న నీడ, డ్రైవరు చూడకుండా దిగే చోటు ఒకటే. టైరు జాడలున్న దిబ్బల మధ్య నిటారు వాలు కింద, గిన్నెలా లోతుగా ఉన్న పల్లంలో కూర్చోవడం, పడుకోవడం, నమాజు చేసుకోవడం పూర్తిగా మానుకోండి. గాఫ్ (జమ్మి) చెట్టు దొరికితే దాని మొదలు దగ్గర కూర్చోండి, బండ్లు చెట్టును తప్పించుకునే పోతాయి. చెట్టు లేకపోతే చదునుగా, నాలుగు వైపులా దూరం నుంచి కనబడే చోట కూర్చుని, కర్రకు గుడ్డ కట్టి పక్కన పాతండి. ఎండ తగులుతుంది, నిజమే. రెండు కర్రల మీద దుప్పటి కడితే ఆ సమస్య తీరుతుంది.

ఆగి ఉన్న బండి కింద, దాని నీడలో పడుకోవడం ఇంకో చెడ్డ అలవాటు. ఆ బండి డ్రైవరు మీ కంపెనీవాడే కావచ్చు, మీ రూమ్మేటే కావచ్చు. ఫోన్ వస్తే పరుగున వచ్చి స్టార్ట్ చేసేటప్పుడు వంగి కిందకు చూడడు. పడుకోక తప్పకపోతే తాళం చెవి మీ జేబులో పెట్టుకుని పడుకోండి. మొహమాటం వద్దు.

బండి వస్తోందని తెలిశాక

ముందు ఆగండి. పరుగెత్తితే మీరు ఎటు పోతున్నారో డ్రైవరుకు అంతుబట్టదు. అతని వైపు తిరిగి, చేయి పైకెత్తి, జాడ దిగి ఒక పక్కకు నాలుగైదు అంగలైనా జరగండి. నలుగురుంటే నలుగురూ ఒకే పక్కకు. ఇద్దరు ఇటు ఇద్దరు అటు అయితే మధ్యలోంచి పోయే బండికి తప్పుకునే చోటు లేకుండా పోతుంది, మీలో ఒకరు చివరి క్షణంలో అవతలివాళ్ల దగ్గరికి పరుగెత్తే ప్రమాదమూ ఉంటుంది. ఏటవాలు మీద ఉంటే పై వైపుకు జరగాలి. ఇసుక వాలు మీద బండి జారితే కిందికే జారుతుంది.

ఒక బండి పోయిందని వెంటనే జాడలోకి దిగకండి. ఎడారిలో ఒంటరిగా తిరిగేవాళ్లు తక్కువ, నాలుగైదు బండ్లు కలిసి వస్తాయి. ముందు బండి లేపిన దుమ్ము కళ్లలో పడకుండా వెనకవాళ్లు కావాలనే ఎడం ఉంచుతారు. దుమ్ము పూర్తిగా అణిగి, చప్పుడు పోయాకే కదలండి.

కూరుకుపోయిన బండి కనబడితే "యా రఫీక్" (ఓ మిత్రమా) అని మనల్నే పిలుస్తారు, తోయమంటారు. సాయం చేయడం మంచిదే, అందులో వంద దిర్హాములు దొరికినా దొరుకుతాయి. కానీ టైరు వెనక సూటిగా నిలబడకండి. రెండో బండితో తాడు కట్టి లాగుతుంటే ఇంకా దూరం పోవాలి. బిగిసిన తాడు తెగినా, దాని కొక్కెం ఊడినా తుపాకీ గుండులా వచ్చి తగులుతుంది. తాడు ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు దూరంలో, పక్కకు నిలబడండి. ముదీరు (మేనేజరు) పిలిచినా సరే, తాడు బిగిసి ఉండగా దాన్ని దాటకండి. ఎవరినీ తాడు మీద కాలు వేయనివ్వకండి.

తెల్లారకముందు, చీకటిపడ్డాక వెలుతురే మీ ప్రాణం. సైటులో ఇచ్చిన పసుపుపచ్చ జాకెట్టు డ్యూటీ అయ్యాక బీరువాలో పెట్టకుండా బకాలాకు పోయేటప్పుడు కూడా వేసుకోండి. ముందు నడిచేవాడి చేతిలో ఒక టార్చి, వెనక నడిచేవాడి చేతిలో ఒకటి. టార్చిని డ్రైవరు కళ్లలోకి కొట్టకుండా మీ జాకెట్టు మీదో కాళ్ల దగ్గర నేల మీదో వేయండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎమిరేట్స్‌లో తెల్లవారుజామున దట్టంగా పొగమంచు పడుతుంది. అలాంటి రోజున జాడ మీద నడక వద్దే వద్దు, మంచు విడిచేదాకా ఆగండి. ఇసుక తుఫానులోనూ అంతే. జాడకు బాగా దూరంగా జరిగి, గాలికి వీపు పెట్టి, తడిగుడ్డ ముక్కుకూ నోటికీ కట్టుకుని కూర్చోండి. ఆగిన బండి పక్కన కాకుండా పొద చాటు వెతుక్కోండి, ఎందుకంటే కళ్లు కనబడని ఇంకో డ్రైవరు ఆ బండినే వచ్చి గుద్దుతాడు.

డేరాల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఒక మాట. పిల్లలను వెంటబెట్టుకుని డేరా నుంచి డేరాకు, బాత్రూము గదికి నడిచేటప్పుడు డేరా తాళ్ల మధ్య నుంచే నడవండి. బగ్గీలు అక్కడికి రావు. బయటి ఖాళీ జాగా దగ్గరి దారే కావచ్చు, అక్కడే పిల్లలు బండ్లు తిప్పుతారు. నల్ల బట్టలు వేసుకునే ఇంట్లో పనైతే రాత్రిపూట చేతిలో లైటు లేకుండా అడుగు బయట పెట్టనని మామాతో (యజమానురాలితో) ముందే చెప్పండి. ఆమె పిల్లలు మీ చేయి పట్టుకునే ఉంటారు కాబట్టి కాదనదు.

జాడ వదిలితే ఏముంటుంది

పక్కకు జరగమని చెబుతున్నాను కాబట్టి పక్కన ఏముందో కూడా చెప్పాలి. తీరానికి దగ్గరగా తెల్లటి ఉప్పు పొరతో చదునుగా కనబడే నేలను సబ్ఖా అంటారు. పైన పెంకులా గట్టిగా ఉంటుంది, కింద బురద. టైరు జాడలు ఉన్నట్టుండి లోతుగా, నల్లగా, తడిగా మారాయంటే అది సబ్ఖా మొదలైన చోటు. అక్కడ బండే దిగబడుతుంది. చుట్టు తిరిగైనా ఇసుక మీదే పోవాలి.

కువైట్‌లో ఇంకో సంగతి ఉంది. 1991 యుద్ధం నాటి పేలని బాంబులు, మందుపాతరలు ఆ తర్వాత ఏళ్లతరబడి ఏరివేసినా, ఇప్పటికీ ఎడారిలో అప్పుడప్పుడూ బయటపడుతూనే ఉంటాయి. వాన తర్వాత, గాలి దుమారం తర్వాత కొత్తవి పైకి తేలతాయి. అక్కడ పక్కకు జరగడమంటే జాడ ఒడ్డునే, నలుగురూ నడిచిన చోటే. మేకల వెంట కొత్త నేలలోకి పోవాల్సివస్తే ఇనుప ముక్క ఏది కనబడినా కర్రతో కూడా కదపకండి. పాత ఇనుము అమ్ముకుందామని మోసుకురావద్దు.

వాదీలు, అంటే వాన వాగులు, ఏడాదిలో ఎక్కువ రోజులు పొడిగా ఉండి బండ్లకు రాజమార్గాలవుతాయి. మబ్బు పట్టిన రోజు వాటిలో నడవకండి. మీ నెత్తిన చినుకు పడకపోయినా కొండల్లో పడిన వాన మీ దాకా వస్తుంది. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోనే 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. అది ఎడారే.

తేళ్లు, పాముల గురించి అందరికీ భయం ఎక్కువే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పొదల దగ్గర చేయి పెట్టకండి, పొద్దున్నే బూటు దులిపి వేసుకోండి, ప్యాంటు అంచును సాక్సులోకి దోపండి. కాటు పడితే కోయొద్దు, కట్టొద్దు. ఆ కాలు కదపకుండా ఉంచి ఆస్పత్రికి చేర్చండి.

జాడను నమ్ముకుని పోతే

టైరు జాడ ఎక్కడో ఒక ఊరికి చేరుతుందని మనవాళ్లకు గట్టి నమ్మకం. మన పొలాల్లో బండి బాట ఊరికే చేరుతుంది మరి. ఎడారిలో సరదాకు తిరిగిన బండి జాడ గుండ్రంగా తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది, లేదా దిబ్బల మధ్య నాలుగుగా చీలి మాయమవుతుంది. జాడ అంచులు పదునుగా, టైరు గళ్లు స్పష్టంగా ఉంటే అది ఈ రోజుది. గాడిలో గాలి గీసిన అలలు పడి అంచులు కరిగిపోయి ఉంటే పాతది. దాని వెంట పోతే మనుషులు తగులుతారన్న భరోసా లేదు. నిన్న మీరు వచ్చిన జాడ ఈ రోజు గాలికి ఉండకపోవచ్చు.

2024 ఆగస్టులో సౌదీలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలో పని మీద వెళ్లిన తెలంగాణ యువకుడు, అతని సూడాన్ సహోద్యోగి దారి తప్పి చనిపోయారన్న వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. జీపీఎస్ పనిచేయలేదు, ఫోన్ చార్జింగ్ అయిపోయింది, పెట్రోలూ నీళ్లూ అయిపోయాయని పత్రికలు రాశాయి. బండి ఉన్నవాళ్ల సంగతే అది.

కాబట్టి కదిలే ముందు మీ లొకేషన్‌ను, చేరాల్సిన చోటును ఫోన్‌లో పిన్ చేసుకుని రూమ్మేట్‌కు వాట్సాప్‌లో పంపండి. ఆ ప్రాంతం మ్యాపును నెట్ లేకపోయినా తెరుచుకునేలా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఎన్ని గంటలకు తిరిగొస్తారో చెప్పి, దానికి గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి. పవర్‌బ్యాంకు నీళ్ల సీసాతో సమానం. దారి తప్పామని అనుమానం వచ్చిన క్షణమే ఆగండి. ఇంకో దిబ్బ దాటితే రోడ్డు కనబడుతుందన్న ఆశే మనిషిని లోపలికి లాక్కుపోతుంది. బండి చెడిపోతే బండి దగ్గరే ఉండండి. వెతికేవాళ్లకు మనిషి కంటే బండే ముందు కనబడుతుంది.

నీళ్ల లెక్క కూడా ఇసుకను బట్టే వేసుకోవాలి. తారు రోడ్డు మీద ముప్పావు గంటలో నడిచే దూరానికి మెత్తటి ఇసుకలో గంటన్నర దాకా పడుతుంది, చెమటా అంతే పోతుంది. ఎండలో పనిచేసేవాళ్లు పావుగంట ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే పావు లీటరు చొప్పున తాగాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. దాహం వేసేదాకా ఆగొద్దు, గంటకు 1.4 లీటర్లు మించి తాగనూ వద్దు. ఉప్పు పోతుంది కాబట్టి ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు జేబులో ఉండాలి. దొరక్కపోతే బకాలాలో లబన్ (మజ్జిగ) సీసా కొని చిటికెడు ఉప్పు వేసుకోండి. తోటివాడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ ఫోన్ చేయాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

చివరగా రోడ్డు. ఇసుకలో అన్నీ తప్పించుకుని వచ్చిన మనిషి హైవే చూడగానే గట్టెక్కాననుకుని అడ్డంగా దాటేస్తాడు. అక్కడ బండ్లు 120, 140 వేగంతో వస్తాయి. ఎమిరేట్స్‌లో 2025 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన ట్రాఫిక్ చట్టం ప్రకారం 80 కిలోమీటర్లు, అంతకంటే ఎక్కువ వేగ పరిమితి ఉన్న రోడ్డును దాటడానికి కేటాయించని చోట నడిచి దాటడం నేరం. వంతెనో అండర్‌పాసో దొరికేదాకా ఇటు పక్కనే నడవండి, లేదా అటువైపు నుంచే బండి పంపమనండి.

పనిచేయించేవాళ్ల బాధ్యత

ఇంతసేపూ జాగ్రత్తలన్నీ మీ నెత్తినే పెట్టాను. అది సగం న్యాయమే. డ్యూటీ మీద ఎడారిలో నడిపించేటప్పుడు బండి, నీళ్లు, జాకెట్టు, వైర్‌లెస్సో ఫోనో ఇవ్వాల్సింది కంపెనీ. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో సేఫ్టీ ఆఫీసరు "ఏమైనా సందేహాలున్నాయా" అంటే, ఈ రోజు మనం నడిచే చోట సరదా బండ్లు తిరుగుతాయా, కోన్లు, జెండాలు పెట్టారా, శుక్రవారం బదులు వారం మధ్యలో ఆ పని పెట్టొచ్చా అని అడగండి. అడిగినవాడి పేరు రాసుకుంటారన్న భయం చాలామందికి ఉంది, అది ఉత్త భయమూ కాదు. అందుకే ఒక్కరుగా కాకుండా ఫోర్‌మన్ ద్వారా నలుగురి మాటగా అడగండి.

మధ్యాహ్నం బయటి పని నిషేధం చట్టంలో ఉంది. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12:30 నుంచి 3 వరకు. సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు. కువైట్‌లో జూన్, జులై, ఆగస్టు నెలల్లో 11 నుంచి 4 వరకు. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు. ఆ వేళల్లో పని స్థలం మార్చే పేరుతో ఇసుకలో నడిపించినా అది ఎండలో పనే.

ఇన్సూరెన్సు కాగితాలు పోగొట్టుకోకండి. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు మీద వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలే ప్రీమియం. వీసా రెన్యువల్ అవుతుంది గానీ పాలసీ గడువు దాటిపోయిందన్నది ఎవరికీ గుర్తుండదు. ఈ రాత్రే తీసి తేదీ చూడండి, పాలసీ కాపీ ఒకటి ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఉంచండి. బండి తగిలి దెబ్బ తగిలితే, చిన్నదైనా సరే, పోలీసు రిపోర్టు రాయించండి. బండివాడు చేతిలో డబ్బు పెట్టి వెళ్లిపోతానంటే ఒప్పుకోకండి. నడుం నొప్పి వారం తర్వాత మొదలైతే చూపించడానికి ఆ కాగితం తప్ప మీకు ఇంకేమీ ఉండదు.

ఖల్లివెల్లి అయినవాళ్లు, అంటే యజమాని దగ్గర్నుంచి వెళ్లిపోయి కాగితాలు లేకుండా ఉన్నవాళ్లు, పోలీసు భయంతో రాత్రుళ్లు లైటు లేకుండా జాడల వెంట నడుస్తారని నాకు తెలుసు. ప్రమాదం జరిగితే ఫోన్ చేయడానికీ జంకుతారు. కేసు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఎంబసీలో చెప్పుకోవచ్చు. రక్తం పోతున్నప్పుడు కాగితాల గురించి ఆలోచించకండి.

ఫోన్ చేసినప్పుడు "ఎడారిలో ఉన్నాను" అంటే అంబులెన్సు రాలేదు. కరెంటు స్తంభం మీది నంబరు, టవరు మీది నంబరు, దగ్గరి హైవే కిలోమీటరు బోర్డు, ఏదో ఒకటి చదివి చెప్పండి. లొకేషన్ పిన్ ఉంటే మరీ మంచిది. ఎమిరేట్స్‌లో పోలీసుకు 999, అంబులెన్సుకు 998. కువైట్‌లో 112. ఖతర్‌లో, బహ్రెయిన్‌లో 999. ఒమాన్‌లో 9999. సౌదీలో అంబులెన్సుకు 997, రియాద్, మక్కా లాంటి కొన్ని ప్రాంతాల్లో 911. ఎమిరేట్స్‌లో భారతీయ కార్మికుల సహాయ కేంద్రానికి 800 46342. మీరున్న దేశం నంబరును ఫోన్‌లో వేసుకుని, చదవడం రాని రూమ్మేట్ ఫోన్‌లో కూడా మీరే వేసిపెట్టండి.